ఒకే ప్రోగ్రాం, రెండు కంప్యూటర్లు: వేర్వేరు ఆపరేటింగ్ సిస్టంలపై ఎదురయ్యే తొలి చిక్కులను విప్పుకునే పద్ధతి

దిల్‌సుఖ్‌నగర్‌లో నేనుండే వీధి నిండా హాస్టళ్లే. ఆదివారం సాయంత్రాలు ఇద్దరో ముగ్గురో ఇంజనీరింగ్ విద్యార్థులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని వస్తారు, వారిలో సగంమంది ఫిర్యాదు ఒక్కటే: "సార్, నా దాంట్లో బాగానే నడిచింది, ల్యాబులో నడవడం లేదు." ఈ ఫిర్యాదుకు జవాబుగా ఏదో ఒక చిట్కా చెప్పి పంపించడం తేలికే కానీ, వచ్చే ఆదివారం అదే విద్యార్థి అదే సమస్యను మరో రూపంలో మోసుకొస్తాడు. రెండు కంప్యూటర్ల మధ్య తేడాగా ఉన్నది ఏమిటో స్వయంగా పట్టుకోవడం అలవాటైతే తప్ప ఈ రాకపోకలు ఆగవు. విండోస్, లినక్స్, మ్యాక్, ఫోన్ అన్నింటిమీదా నడవవలసిన ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టినవారికి ఆ పట్టుకునే పద్ధతిని ఒక చిన్న ఉదాహరణ ఆధారంగా ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటి మెట్టు: రెండో కంప్యూటరును ఇంట్లోనే సిద్ధం చేసుకోవడం

తేడా కనిపించాలంటే పోల్చడానికి రెండు ఉండాలి. విండోస్ 10 లేదా 11 ఉన్న ల్యాప్‌టాప్‌లో అడ్మినిస్ట్రేటర్ హోదాతో టెర్మినల్ తెరిచి, డబ్ల్యూఎస్‌ఎల్ అనే కమాండును ఇన్‌స్టాల్ ఆప్షన్‌తో నడిపితే, కంప్యూటరును ఒకసారి రీస్టార్ట్ చేశాక, ఉబుంటు లినక్స్ విండోస్ లోపలే సిద్ధమవుతుంది. మైక్రోసాఫ్ట్ దీన్ని 2016లో తెచ్చింది, అసలైన లినక్స్ కెర్నెల్ (సిస్టం మూలభాగం)తో నడిచే రెండో తరాన్ని 2019లో ప్రకటించింది. డబ్బు ఖర్చు లేదు, హార్డ్‌డిస్కును ముక్కలు చేయవలసిన పనీ లేదు.

ఇక్కడే ఒక జాగ్రత్త అవసరం. ఉబుంటు నుంచి మీ సీ డ్రైవు కూడా కనిపిస్తుంది కాబట్టి, చాలామంది అక్కడున్న ఫైళ్లనే నేరుగా వాడుతుంటారు. ఆ ఫైళ్లు ఉన్నది విండోస్ డిస్కు మీదే కనుక పేర్ల విషయంలో అవి విండోస్ పద్ధతినే పాటిస్తాయి, మీరు పరీక్షించదలచుకున్న తేడా కాస్తా కనుమరుగవుతుంది. అందువల్ల ప్రోగ్రామును లినక్స్ హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకున్న తరువాతే నడపాలి.

రెండో మెట్టు: చిన్న ప్రోగ్రాం, తెలిసిన డేటా

సాధనకు పెద్ద ప్రాజెక్టు పనికిరాదు. జవాబు ముందే తెలిసిన డేటా కావాలి. మా దగ్గరికి వచ్చే పిల్లలతో నేను మెట్రో రైలు ఎర్ర గీత స్టేషన్ల పేర్లను తెలుగులో ఒక ఫైలుగా రాయిస్తాను. మియాపూర్‌తో మొదలై ఎల్బీనగర్‌తో ముగిసే ఆ దారిలో 27 స్టేషన్లు ఉన్నాయి. ప్రోగ్రాం చేయవలసినవి మూడు పనులు: ఫైలు చదవాలి, స్టేషన్లు ఎన్నో చెప్పాలి, అడిగిన పేరు జాబితాలో ఎన్నోదో చూపాలి. అమీర్‌పేట అని అడిగితే 11 అని రావాలి, దిల్‌సుఖ్‌నగర్ అని అడిగితే 24 అని రావాలి. పైథాన్‌లో ఇది పది పన్నెండు పంక్తులకు మించదు. ఇంత చిన్న ప్రోగ్రాములో ఏం చిక్కులుంటాయని అనిపించవచ్చు కానీ, కింద చెప్పబోయేవాటిలో ఎక్కువ భాగం దీనితోనే బయటపడతాయి.

మూడో మెట్టు: ఎర్రర్‌ను అక్షరం అక్షరం చదవడం

ఈ ప్రోగ్రామును ఉబుంటులో రాసి, ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతి) ఏమిటో చెప్పకుండా వదిలేశారనుకుందాం. అక్కడ 27 అని సరిగ్గానే వస్తుంది. అదే ఫోల్డర్‌ను స్నేహితుడి విండోస్ ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసి నడిపితే, యూనికోడ్ డీకోడ్ ఎర్రర్ అన్న పేరుతో ప్రోగ్రాం కూలిపోతుంది. ఆ పంక్తిలో మూడు విషయాలు ఉంటాయి: చార్‌మ్యాప్ అనే కోడెక్ (బైట్లను అక్షరాలుగా మార్చే పట్టిక) పేరు, 0ఎక్స్8డి అనే బైటు, 23 అనే స్థానం. చాలామంది ఈ పంక్తిని చూడగానే భయపడి మొత్తం ఎర్రర్‌ను సెర్చి పెట్టెలో పడేస్తారు. అలా చేయకుండా, ఆ మూడింటి అర్థం ఏమిటో కాగితం మీద తేల్చుకోవాలి.

ప్రపంచంలోని లిపుల అక్షరాలకు సంఖ్యలు ఇచ్చే యూనికోడ్ ప్రమాణం తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించింది. ఆ సంఖ్యలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో వీటిలో ప్రతి ఒక్కటీ మూడేసి బైట్లు తీసుకుంటుంది. జాబితాలో తొలి పేరు మియాపూర్. దాన్ని విడదీస్తే మ, గుడి, య, దీర్ఘం, ప, కొమ్ముదీర్ఘం, ర, పొల్లు అని ఎనిమిది భాగాలు వస్తాయి, అంటే 24 బైట్లు. స్థానాల లెక్క సున్నాతో మొదలవుతుంది కనుక 23వ స్థానంలో ఉన్నది చివరి బైటు, అంటే పొల్లులోని మూడో బైటు. పొల్లు బైట్లు వరుసగా 224, 177, 141. ఎర్రర్‌లో కనిపించిన 0ఎక్స్8డి దశాంశ పద్ధతిలో సరిగ్గా 141 అవుతుంది.

ఇప్పుడు కారణం బయటపడింది. మన దగ్గర ఇంగ్లిష్ ఇండియా అమరికతో ఉండే విండోస్‌లో, ఎన్‌కోడింగ్ చెప్పకపోతే పైథాన్ 1252 అనే పాత పాశ్చాత్య పట్టికతో ఫైలును చదువుతుంది. ఆ పట్టికలో 224, 177 వంటి సంఖ్యలకు ఏవో గుర్తులు ఉన్నాయి కానీ, 141కి ఏ గుర్తూ లేదు. అందుకే ఏడు భాగాలనూ తప్పుగానే అయినా చదివేసి, పొల్లు దగ్గర చేతులెత్తేసింది. పొల్లు, కొమ్ము, ఏ, ఐ, ఝ వంటివి ఏవీ లేని మాటలే ఉన్న ఫైలైతే కూలిపోకుండా, తలపై గీత ఉన్న ఇంగ్లిష్ ఏ అక్షరం, డిగ్రీ గుర్తు పదేపదే కనిపించే గందరగోళాన్ని చూపేది. ఆ గందరగోళం ఎర్రర్ కన్నా ప్రమాదకరమని నా అభిప్రాయం, ఎందుకంటే ప్రోగ్రాం నడిచినట్టే కనిపిస్తుంది.

పరిష్కారం ఒక్క మాట: ఫైలు తెరిచే ప్రతి చోటా, చదివేటప్పుడూ రాసేటప్పుడూ, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాయాలి. పైథాన్ 3.15 నుంచి యూటీఎఫ్-8నే సహజ పద్ధతిగా తీసుకోవాలని ఆ భాషను నిర్వహించే బృందం నిర్ణయించినప్పటికీ, ల్యాబుల్లో పాత వెర్షన్లు ఇంకా చాలాకాలం ఉంటాయి కనుక ఈ మాట రాయడం మానకూడదు.

దీని తమ్ముడు లాంటి చిక్కు మరొకటి ఉంది. ఎక్సెల్‌లో తెరవడానికి సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన పట్టిక) తయారుచేసినప్పుడు తెలుగు చెడిపోతే, ఫైలు మొదట్లో 239, 187, 191 అనే మూడు బైట్ల గుర్తును చేర్చే యూటీఎఫ్-8 సిగ్ అనే రకాన్ని వాడాలి. అదే ఫైలును మళ్లీ మామూలు యూటీఎఫ్-8గా చదివితే, ఆ గుర్తు మొదటి పేరుకు ముందు కనిపించకుండా అతుక్కుని, మియాపూర్ జాబితాలో లేదని ప్రోగ్రాం చెబుతుంది.

నాలుగో మెట్టు: ఫైలు పేర్లు, దారులు

ప్రోగ్రాం ఫైలును చదవడం సంగతి అటుంచి, అసలు ఫైలే దొరకలేదంటే మూడు అనుమానాలను ఈ వరుసలోనే తీర్చుకోవాలి.

మొదటిది, ప్రోగ్రాం ఏ ఫోల్డర్‌లో నిలబడి వెతుకుతోంది? వీఎస్ కోడ్ ఎడిటర్‌లో నడిపినప్పుడు అది మీరు తెరిచిన ఫోల్డర్‌లో వెతుకుతుంది, టెర్మినల్‌లో నడిపినప్పుడు టెర్మినల్ ఉన్నచోట వెతుకుతుంది. ప్రోగ్రాం ఫైలు ఉన్న ఫోల్డర్ ఈ రెండింటికీ వేరు కావచ్చు. ప్రస్తుత ఫోల్డర్ ఏదో ప్రింట్ చేసి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. శాశ్వత పరిష్కారం కోసం, పాత్‌లిబ్ సహాయంతో ప్రోగ్రాం ఫైలు ఉన్న చోటు నుంచి దారిని నిర్మించుకోవాలి. ఈ లైబ్రరీ పైథాన్ 3.4 నుంచి భాషతోపాటే వస్తోంది.

రెండోది, వాలుగీత ఎటు వాలింది? విండోస్‌లో ఫోల్డర్ల మధ్య వెనక్కి వాలిన గీత ఉంటుంది. ప్రోగ్రాముల్లోని మాటల మధ్య అదే గీతకు వేరే అర్థం ఉంది: దాని తరువాత చిన్న ఎన్ వస్తే కొత్త పంక్తి, చిన్న టీ వస్తే ట్యాబ్. కాబట్టి డేటా ఫోల్డర్‌లోని టి అక్షరంతో మొదలయ్యే ఫైలు పేరులోకి ఒక ట్యాబ్ చొరబడుతుంది, లినక్స్‌లోనైతే ఆ గీత ఫైలు పేరులో ఒక మామూలు అక్షరంగా మిగిలిపోతుంది. ముందుకు వాలిన గీతను పైథాన్, సీ ప్రోగ్రాములలో విండోస్ కూడా ఒప్పుకుంటుంది.

మూడోది, పెద్దక్షరాలు, చిన్నక్షరాలు. తెలుగు లిపిలో ఈ భేదమే లేదు కనుక మనకు ఇది తొందరగా తట్టదు. ఫైలు పేరు పెద్ద ఎస్‌తో ఉండి, ప్రోగ్రాములో చిన్న ఎస్‌తో రాస్తే విండోస్ ఊరుకుంటుంది, మ్యాక్ కూడా సాధారణ అమరికలో ఊరుకుంటుంది, లినక్స్ మాత్రం ఫైలు లేదంటుంది. సర్వర్లలో ఎక్కువ భాగం లినక్స్‌వే కాబట్టి, ఇంట్లో నడిచిన వెబ్‌సైటులోని బొమ్మలు సర్వర్‌లో మాయమవడానికి తరచూ ఇదే కారణం. అన్ని ఫైలు పేర్లనూ చిన్నక్షరాల్లో, ఖాళీలు లేకుండా రాసుకునే నియమం పెట్టుకుంటే సరిపోతుంది. ఇప్పటికే తప్పుగా ఉన్న పేరును విండోస్‌లో మామూలుగా మార్చితే, కోడులోని మార్పులను నమోదు చేసే గిట్ దాన్ని గమనించకపోవచ్చు, గిట్ ఎంవీ కమాండుతోనే మార్చాలి.

సమయాన్ని ఫైలు పేరులో పెట్టే అలవాటున్నవారికి మరొక మాట. లాగ్ ఫైలుకు 10:30 అని రెండు చుక్కలతో పేరు పెడితే లినక్స్ అంగీకరిస్తుంది. విండోస్‌లోనైతే చుక్కల ముందు భాగమే పేరుగా ఉన్న, సున్నా సైజు చూపే ఫైలు కనిపించి, రాసిందంతా ఏమైందో అర్థం కాక తల పట్టుకోవలసి వస్తుంది.

ఐదో మెట్టు: పంక్తి చివర దాగినది

టెలిప్రింటర్ల కాలంలో పంక్తి మార్చాలంటే రెండు కదలికలు అవసరమయ్యేవి: ముద్రించే భాగాన్ని ఎడమ అంచుకు తేవడం, కాగితాన్ని ఒక వరుస పైకి జరపడం. ఆ రెండింటికీ 13, 10 అనే సంఖ్యలు ఉన్నాయి. విండోస్ నేటికీ రెండింటినీ రాస్తుంది, లినక్స్, మ్యాక్ 10ని మాత్రమే రాస్తాయి. పైథాన్ ఫైలును టెక్స్ట్‌గా చదివేటప్పుడు ఈ తేడాను తానే సర్దుకుంటుంది కనుక మన ప్రోగ్రాములో చిక్కు రాదు. అదే ప్రోగ్రామును సీ భాషలో రాసి, విండోస్‌లో తయారైన జాబితాను ఉబుంటులో చదివితే, చివరి 10ని తీసేసినా 13 మిగిలిపోతుంది. పేర్లు పోలిస్తే సమానం కావు. పేరు పక్కన సంఖ్యను ప్రింట్ చేస్తే, కర్సరు పంక్తి మొదటికి వెళ్లి పేరు మీదే సంఖ్యను రాసేస్తుంది. తెర మీద అక్షరాలు ఇలా ఒకదానిపై ఒకటి పడటం కనిపించిందంటే 13ను అనుమానించవచ్చు. లినక్స్‌లోని ఫైల్ అనే కమాండు పంక్తుల చివర ఏముందో వెంటనే చెబుతుంది.

షెల్ స్క్రిప్టులకూ ఇదే జబ్బు సోకుతుంది. స్క్రిప్టును ఏ ప్రోగ్రాం నడపాలో చెప్పే మొదటి పంక్తి చివర 13 ఉంటే, లినక్స్ బ్యాష్ అన్న పేరుకు బదులు దానికి తోక తగిలిన మరో పేరును వెతికి, అలాంటి ఫైలే లేదంటుంది. ప్రాజెక్టులో గిట్ యాట్రిబ్యూట్స్ ఫైలు పెట్టి, టెక్స్ట్ ఫైళ్లను ఆటో పద్ధతిలోను, షెల్ స్క్రిప్టులను ఎప్పుడూ ఎల్‌ఎఫ్ (అంటే 10 మాత్రమే)తోను ఉంచమని రాస్తే జట్టులో అందరికీ ఒకే నియమం వర్తిస్తుంది. ఎవరికి వారు తమ కంప్యూటర్లో గిట్ అమరికలు మార్చుకునే పద్ధతిని నేను సిఫారసు చేయను, ఎవరో ఒకరు మరచిపోతారు.

ఆరో మెట్టు: కంటికి ఒకటే, కంప్యూటరుకు రెండు

ఇది మన భాషలో పనిచేసేవారికి ప్రత్యేకంగా ఎదురయ్యేది, ఇంగ్లిష్ పాఠాల్లో దాదాపు కనిపించనిది. కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ఖైరతాబాద్ అన్న మాట పొడవు ఎంత? చదివేవాడికి ఐదు అక్షరాలు. పైథాన్, జావా, డార్ట్ తొమ్మిది అంటాయి, ఎందుకంటే అవి గుణింతపు గుర్తులనూ పొల్లునూ విడిగా లెక్కిస్తాయి. సీ, గో భాషలు బైట్లు లెక్కిస్తాయి కనుక 27 అంటాయి. ఏదీ తప్పు కాదు, ఏ లెక్క కావాలో అడగవలసింది మీరే. స్క్రీన్ మీద పేరును పది స్థానాలకు కుదించాలని కోస్తే, గుణింతం ఒకవైపు, హల్లు ఒకవైపు పడి అక్షరం విరిగిపోయేది ఈ కారణంగానే.

ఇంతకన్నా చిత్రమైనది ఐత్వం. యూనికోడ్‌లో దీనికి 3144 అనే ఒక స్థానం ఉంది. అదే గుర్తును ఎత్వం 3142, ఐత్వపు కింది భాగం 3158 అని రెండుగా కూడా రాయవచ్చు. చూడటానికి రెండూ ఒకటే. మ్యాక్‌లో పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పద్ధతి ఫైలు పేర్లను విడగొట్టిన రూపంలోనే దాచేది. అలాంటి డిస్కు నుంచి వచ్చిన ఖైరతాబాద్ ఫైలు పేరు పొడవు పది అవుతుంది, మీ ప్రోగ్రాములో టైపు చేసిన పేరుతో కలవదు. పోల్చే ముందు రెండు మాటలనూ యూనికోడ్‌డేటా లైబ్రరీలోని నార్మలైజ్‌తో ఎన్‌ఎఫ్‌సీ (కలిపి రాసిన) రూపానికి తెచ్చుకోవాలి.

ఆ మందుకు లొంగనిది ఇంకొకటి ఉంది. అమీర్‌పేట అని రాసేటప్పుడు ర కింద ప ఒత్తుగా పడకుండా ఆపేది 8204 అనే, తనకంటూ రూపం లేని గుర్తు. ఫోన్‌లో మియాపూర్‌లో అని టైపు చేసి, చివరి లో తుడిచేసి పంపారనుకోండి, ఆ గుర్తు పేరు వెనకే ఉండిపోతుంది. చివరి ఖాళీలను తీసే స్ట్రిప్ దీన్ని ఖాళీగా గుర్తించదు, నార్మలైజ్ కూడా ముట్టుకోదు. ఒక విద్యార్థి జాబితాలో మియాపూర్ కళ్లెదుట ఉన్నా ప్రోగ్రాం లేదంటుంటే, మేమిద్దరం దాదాపు గంటసేపు లాజిక్‌నే తప్పుపట్టాం. చివరికి మాటలోని ప్రతి భాగం సంఖ్యను ఆర్డ్ ఫంక్షన్‌తో ప్రింట్ చేస్తే ఎనిమిదికి బదులు తొమ్మిది సంఖ్యలు వచ్చాయి, చివరిది 8204. అప్పటినుంచి, రెండు తెలుగు మాటలు ఒకటే అయినా కలవడం లేదంటే ముందు సంఖ్యలు ప్రింట్ చేయమంటున్నాను. వెతికేందుకు పోల్చేటప్పుడు మాత్రమే 8204ను రెండు వైపులా తొలగించాలి, దాచిన డేటాలోంచి తీసేస్తే అమీర్‌పేటకు ఒత్తు పడి చదవడానికి ఇబ్బందవుతుంది.

ఏడో మెట్టు: సంఖ్యల కొలతలు

సీ భాష నేర్చుకునేవారికి ఫాక్టోరియల్ ప్రోగ్రాం మంచి పరీక్ష. పాత కంపైలర్ టర్బో సీలో ఇంట్ (పూర్ణసంఖ్య రకం) 16 బిట్లే కనుక 32767 దాటలేదు. 7 ఇస్తే 5040 సరిగ్గా వస్తుంది, 8 ఇస్తే 40320 రావలసిన చోట మైనస్ 25216 వస్తుంది. నేటి జీసీసీ కంపైలర్‌లో ఇంట్ 32 బిట్లు కావడంతో 12 వరకు బాగుంటుంది. అది చాలక లాంగ్ వాడితే, 64 బిట్ల లినక్స్‌లో 13కి 6227020800 అని సరైన జవాబు వస్తుంది, 64 బిట్ల విండోస్‌లో మాత్రం లాంగ్ నాలుగు బైట్లే కావడం వల్ల సాధారణంగా 1932053504 కనిపిస్తుంది. ఎర్రర్ ఉండదు, హెచ్చరిక ఉండదు. ఎన్ని బిట్లు కావాలో పేరులోనే చెప్పే రకాలను సీ99 ప్రమాణం ఎస్‌టీడీ ఇంట్ హెడర్‌లో ఇచ్చింది, వాటినే వాడాలి. కోనియో హెడర్, క్లియర్‌స్క్రీన్, వాయిడ్ మెయిన్ వంటివి టర్బో సీ అలవాట్లు. వాటిని వదిలేస్తే అదే ప్రోగ్రాం లినక్స్‌లో ఏ మార్పూ లేకుండా కంపైల్ కావడానికి సగం దారి సుగమం అవుతుంది.

ఎనిమిదో మెట్టు: గడియారం

మన సమయం అంతర్జాతీయ సమయం కన్నా ఐదున్నర గంటలు ముందు ఉంటుంది, సర్వర్లు ఎక్కువగా ఆ అంతర్జాతీయ సమయంలోనే నడుస్తాయి. జూన్ 2 తెల్లవారుజామున 4 గంటలకు హైదరాబాద్‌లో నమోదు చేసినది సర్వర్‌లో జూన్ 1 రాత్రి 10:30గా పడి, తేదీల వారీ లెక్క తప్పుతుంది. దాచడం అంతర్జాతీయ సమయంలో, చూపడం ఏషియా కోల్‌కతా మండలంలో అన్నది పాటించవలసిన క్రమం. పైథాన్ 3.9 నుంచి జోన్ఇన్ఫో ఈ పని చేస్తుంది, కాకపోతే విండోస్‌లో సమయ మండలాల పట్టిక ఉండదు కనుక టీజెడ్‌డేటా ప్యాకేజీని విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

తొమ్మిదో మెట్టు: ఫోన్ మీదికి

ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటికీ ఒకే కోడుతో యాప్ తయారుచేసే ఫ్లట్టర్‌తో పని మొదలుపెట్టినవారిని రెండు చిక్కులు తప్పకుండా పలకరిస్తాయి. మీ ల్యాప్‌టాప్‌లో నడుస్తున్న సర్వర్‌ను ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ (ల్యాప్‌టాప్‌లో నడిచే నకిలీ ఫోన్) నుంచి లోకల్‌హోస్ట్ అని పిలిస్తే అందదు, ఎందుకంటే ఎమ్యులేటర్ దృష్టిలో ఆ మాటకు అర్థం తానే. 10.0.2.2 అనే చిరునామా వాడితే ల్యాప్‌టాప్‌కు చేరుతుంది. నిజమైన ఫోన్‌తో పరీక్షిస్తే రెండూ ఒకే వైఫైలో ఉండి, ల్యాప్‌టాప్ వైఫై చిరునామా ఇవ్వాలి, సర్వర్ కూడా 0.0.0.0 మీద వింటూ ఉండాలి. హాస్టల్ వైఫైలు ఒక పరికరాన్ని మరొకదానికి కనిపించనివ్వకపోవడం ఉంది, అప్పుడు ఫోన్ హాట్‌స్పాట్‌కు ల్యాప్‌టాప్‌ను కలిపి చూడాలి.

రెండోది, తయారీ దశలో ఇంటర్నెట్ నుంచి డేటా తెచ్చిన యాప్ రిలీజ్ ఏపీకే (ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేసే ఫైలు)గా మార్చాక ఏమీ తేకపోవడం. ఇంటర్నెట్ అనుమతిని ఫ్లట్టర్ డీబగ్ మ్యానిఫెస్ట్ (యాప్ అనుమతులు రాసే ఫైలు)లో తానే రాసి పెడుతుంది, ప్రధాన మ్యానిఫెస్ట్‌లో మీరే రాసుకోవాలి.

ఐఫోన్ యాప్ బిల్డ్ చేయడానికి మ్యాక్ తప్పనిసరి, అది అందరి దగ్గరా ఉండదు. కోడును గిట్‌హబ్‌లో అందరికీ కనిపించే ప్రాజెక్టుగా పెడితే, గిట్‌హబ్ యాక్షన్స్ ద్వారా ఉబుంటు, విండోస్, మ్యాక్ మూడింటి మీదా దాన్ని ఉచితంగా నడిపించుకోవచ్చు. మన మెట్రో ప్రోగ్రాముకు మూడు పరీక్షలు రాసి పెట్టండి: స్టేషన్ల సంఖ్య 27 కావాలి, వెనక 8204 తగిలించిన మియాపూర్ కూడా ఒకటో స్థానంలో దొరకాలి, విడగొట్టిన ఐత్వంతో రాసిన ఖైరతాబాద్ 14వ స్థానంలో దొరకాలి. మీరు కోడు పంపిన ప్రతిసారీ మూడు సిస్టంల మీదా ఆ పరీక్షలు నడిచి, ఏది ఎక్కడ తప్పిందో విడివిడిగా చూపుతాయి.